సంచి తగ్గిన రోజు

మా కోడలు పొద్దున లేస్తూనే చేసే మొదటి పని, మామగారి మంచం పక్కన వేలాడే ప్లాస్టిక్ సంచిని ఫోన్‌లో ఫోటో తీసి డాక్టరుగారికి పంపడం. ఆ తరువాత నేను సంచిలోని పైత్యరసాన్ని గీతల జగ్గులోకి వంచి, కళ్ళద్దాలు సర్దుకుని, జగ్గును కంటికి సమానంగా పట్టుకుని ఎంత వచ్చిందో చెబితే ఆ పిల్ల ఆ అంకె కూడా కొట్టి పంపుతుంది. మా ఆయనకు క్లోమంలో గడ్డ. అది పెరిగి పైత్యం దిగే దారిని నొక్కేసింది. కోసి తీసే దశ దాటిపోయిందని చెప్పి, పక్కటెముకల సందునుంచి కాలేయంలోకి సన్నని గొట్టం వేసి, లోపలికి దిగవలసిన రసాన్ని బయట సంచిలోకి మళ్ళించి ఇంటికి పంపారు. ముప్ఫై అయిదేళ్ళు పెద్ద సర్కారు దవాఖానలో నర్సుగా ఇదే పని చేసి, రిటైరై తార్నాకలో హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాను అనుకుంటే, ఆ వార్డే నన్ను వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది.

మొన్న గురువారం పొద్దున సంచి తగ్గింది. రోజూ వచ్చేదాంట్లో పావు వంతు కూడా లేదు. గొట్టం ఎక్కడైనా మడతపడిందేమోనని పొడుగునా వేళ్ళతో తడిమి చూశాను, లేదు. జగ్గులో పోసి రెండుసార్లు చూశాను. మా కోడలు మాత్రం మొహం వెలిగించుకుని, “తగ్గింది గద అత్తమ్మా, మంచిదే గద” అన్నది. పాపం, దాని తప్పేముంది, ఏ సంచి అయినా నిండుతుంటే భయం, తగ్గుతుంటే ధైర్యం అనుకోవడం ఎవరికైనా సహజమే. కానీ నేను జగ్గు కింద పెట్టేశాను. అదే మాటను నలభై ఏళ్ళ కింద నేనే ఒకామెతో అన్నాను, అంటుంటే పక్క మంచం దగ్గర ఇంకొకామె విన్నది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఊరినుంచి వచ్చి, తార్నాకలో మా పెద్దమ్మ వాళ్ళ ఇంట్లో ఉంటూ, కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఇస్త్రీ చేసిన తెల్ల చీర, తెల్ల బూట్లు, తల నిండా పుస్తకాల చదువు, దానికి రెండింతల గర్వం. నన్ను వేసింది కాలేయం, పిత్తాశయం, క్లోమం జబ్బుల వార్డులో. ఆ రోజుల్లో అక్కడికి వచ్చేవాళ్ళలో సగం మంది ముందు ఊళ్ళో పసరు తాగి, మణికట్టు మీద చురకలు పెట్టించుకుని, నూనె, ఉప్పు, కారం మానేసి ఎముకల గూడై, ఇక ఏ దారీ లేక మా గుమ్మం ఎక్కేవాళ్ళే. కామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని మనవాళ్ళు సామెత చెప్తారు గానీ, నా సర్వీసు మొత్తంలో ఒక్క రోగి కూడా నాకు ఆ మాట చెప్పలేదు. వాళ్ళకు లోకం మామూలుగానే కనిపించేది, లోకానికే వాళ్ళు పచ్చగా కనిపించేవాళ్ళు.

ఆ వార్డు పని చూసేవాళ్ళకు పనిలా అనిపించదు. పైత్యం నెత్తురులో కలిస్తే ఒళ్ళంతా దురద, నిద్రపట్టని దురద, నెత్తురు వచ్చేదాకా గోక్కుంటారు. అందుకని గోళ్ళు తీయాలి, తడిగుడ్డతో తుడవాలి, మెత్తని నూలు బట్టలు కట్టించాలి. గొట్టం చుట్టూ రసం కారితే చర్మం కాలినట్టు ఎర్రబడుతుంది, అక్కడ మందు పూయాలి. సంచి ఎప్పుడూ మనిషికంటే కిందే వేలాడాలి. మధ్యాహ్నం డ్యూటీ మారేముందు సంచిని జగ్గులోకి వంచి, ఎంత వచ్చింది, ఏ రంగులో వచ్చింది కాగితం మీద రాయాలి. ఆ కాగితం చూసే డాక్టర్లు ఏదైనా నిర్ణయించేవాళ్ళు. మనిషిని చూసి కాదు, కాగితం చూసి, అంటే నా చేతిరాత చూసి.

అక్కడికి వచ్చాడు ఆ వంటాయన. యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో ఇరవై ఏళ్ళుగా వంట చేస్తున్న మనిషి, క్యాంపస్ లోపలే చిన్న క్వార్టర్. జబ్బు ఇప్పుడు మా ఆయనకు వచ్చినదే, గొట్టమూ అలాంటిదే. వందల మందికి వండిన మనిషికి అన్నం వాసన పడేది కాదు. అయినా వంట మాట వదిలేవాడు కాదు, నేను మంచం దగ్గరికి వెళ్ళగానే నా టిఫిన్‌లో ఏం కూర తెచ్చుకున్నానో అడిగి, చెబితే అందులో ఏం తక్కువైందో ఊహించి చెప్పేవాడు. చాలాసార్లు సరిగ్గానే చెప్పేవాడు, నాకు అదొక మంట.

సెలవులైపోయి హాస్టల్ తెరిచే రోజు దగ్గర పడుతున్నకొద్దీ ఆయనకు ఒకటే ఆరాటం. కొత్త పిల్లలు పెట్టెలు మోసుకుని వచ్చే మొదటి పూట, మామిడికాయ పప్పు తనే స్వయంగా వండేవాడట, ఇంకెవరినీ గరిటె ముట్టనిచ్చేవాడు కాదట. “ఊరిడిసి మొదటిసారి వస్తరు సిస్టరమ్మా. ఆ పూట బువ్వ మంచిగుంటే పోరడు ఇంటికి ఉరకడు” అనేవాడు. ఈసారి వండలేనని ఆయనకూ తెలుసు. మెస్ వెనక అరుగు మీద కూర్చుని, ఉప్పు ఎంతో, పులుపు ఎంతో చెబుతూ ఒక్క పూట వండిస్తే చాలన్నది ఆయన కోరిక. ఇంటికి ఎప్పుడు పంపుతారని భార్యను రోజూ అడిగేవాడు, ఆమె వచ్చి నన్ను అడిగేది.

పక్క మంచం మీద ఒక ముసలాయన ఉండేవాడు. పిత్తాశయంలో రాళ్ళు తీశారు, నాళంలో వాపు తగ్గేదాకా ఉంచుదామని ఆయనకూ ఒక గొట్టం, ఒక సంచి. వాపు తగ్గుతున్నకొద్దీ రసం తన దారిన తాను పేగులోకి దిగుతుంది, సంచి తగ్గుతుంది. అది మంచి లక్షణం. ఆయన కూతురు భయపడుతూ సంచి తగ్గిందేమిటని అడిగితే, నేను గొప్పగా, నలుగురికీ వినిపించేలా, “తగ్గితే మంచిదే, ఇక ఇంటికి పంపేస్తారు” అన్నాను. మూడోనాడు నిజంగానే పంపేశారు. వంటాయనది వేరే సంగతి అని, లోపలి దారి శాశ్వతంగా మూసుకుపోయిందని, ఆ సంచి నిండడమే ఆయన ప్రాణానికి ఆధారమని, పక్కనే నిలబడి వింటున్న ఆయన భార్యకు ఒక్క ముక్క చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు.

ముసలాయన వెళ్ళిన మరునాటినుంచి వంటాయన సంచి తగ్గడం మొదలైంది. నేను చూసినది చూసినట్టు రాశాను. రెండోరోజు ఇంకా తగ్గింది. మూడోరోజు కాగితం చూసిన డాక్టరు, గొట్టం మూసుకుపోయినట్టుంది, రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసి చూద్దామన్నారు. నాకేమీ అనుమానం రాలేదు. నిజానికి రావాలి, గొట్టం మూసుకుపోతే కళ్ళ పసుపు పెరగాలి, ఆయనకు పెరగలేదు. కాగితం చూడడం నేర్చుకున్నాను గానీ కళ్ళు చూడడం అప్పటికింకా నేర్చుకోలేదు.

ఆయన్ని బండి మీద తీసుకుపోయాక పక్క సర్దుతుంటే, అలమారలో ఆయన భార్య తెచ్చుకున్న స్టీలు గ్లాసు కనిపించింది. అడుగున ఆకుపచ్చని మరక. పైత్యం మరక ఎవరు మరిచినా నర్సు మరవదు. ఇదేమిటని అడిగితే ఆమె తప్పు చేసినదానిలా కాదు, తెలివైన పని చేసినదానిలా, గొంతు తగ్గించి చెప్పింది. “నువ్వే చెప్తివి గద సిస్టరమ్మా, తక్కువైతే ఇంటికి పంపుతరని. హాస్టల్ తెరిచే దినం వస్తున్నది. అందుకే నువ్వు వచ్చే ముందల గ్లాసుల పట్టి బాత్రూంల పారబోసిన.”

ఎక్స్‌రే గది ఆ వరండా చివరే. పరుగెత్తితే నిమిషం పట్టదు. వెళ్ళి, అయ్యా, గొట్టం బాగానే ఉంది, నేను రాసిన అంకె తప్పు అని చెబితే అయిపోయేది. నేను పరుగెత్తలేదు. హెడ్‌సిస్టర్ మొహం గుర్తొచ్చింది, కొత్త ఉద్యోగం గుర్తొచ్చింది, కొలిచేది ఎవరు, కాపలా ఎవరు అని అడుగుతారని భయమేసింది. రంగుమందు పోస్తే గొట్టం బాగుందని వాళ్ళకే తెలుస్తుంది, తీసుకొచ్చి పడుకోబెడతారు, ఏం మునిగిపోయిందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గొట్టం బాగుందని వాళ్ళకు తెలిసిన మాట నిజమే. కానీ లోపల ఎంతో కొంత నిలవ ఉండే రసంలోని సూక్ష్మక్రిమి, ఆ మందు తోసిన ఒత్తిడికి నెత్తురులోకి ఎక్కింది. సాయంత్రానికి మంచం ఊగిపోయేంత చలి, జ్వరం. నాలుగోనాడు ఆయన పోయాడు. హాస్టల్ ఆ మరుసటి వారం తెరిచారు.

ఎటూ పోయే మనిషే కదా అని మీరనవచ్చు. నిజమే, రెండు నెలలకో మూడు నెలలకో పోయేవాడు. కానీ ఒక పూట అరుగు మీద కూర్చుని పోయేవాడు. ఆ ఒక్క పూటనే నేను తీసేశాను.

శవాన్ని తీసుకుపోయే ముందు ఆమె నా దగ్గరికి వచ్చి, “నేను పారబోసినందుకే ఇట్లయిందా సిస్టరమ్మా?” అని అడిగింది. కాదమ్మా అన్నాను. ఆమె నా చేతులు పట్టుకుని, మంచిగ చూసుకున్నావు బిడ్డా అని ఏడ్చింది. ఆ ‘కాదమ్మా’ ఆమెను కాపాడడానికి అన్నానా, నన్ను కాపాడుకోవడానికి అన్నానా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. క్వార్టర్ ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయారని విన్నాను. అటు తరువాత ఏ రోగి సంచిని ఎందుకు కొలుస్తున్నామో, నిండితే ఏమిటో, తగ్గితే ఏమిటో, వాళ్ళ మనిషికి అర్థమయ్యేదాకా చెప్పకుండా నేను మంచం దాటలేదు. వార్డులో నాకు ‘వాగుడు సిస్టర్’ అని పేరు కూడా వచ్చింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు అవి.

ఇందులో విచిత్రమేమిటంటే, రెండేళ్ళకు నన్ను కట్టుకున్న ఈయన ఆ హాస్టల్లోనే చదివాడు. మొదటి పూట ఆ పప్పు తిన్న పిల్లల్లో ఒకడు. పెళ్ళైననాటినుంచి నేను మామిడికాయ పప్పు చేసిన ప్రతిసారీ ఆ పప్పును తలుచుకోకుండా ముద్ద మింగింది లేదు. మొగుడు అమ్మ వంటతో పోలిస్తే ఏ ఆడదైనా పోట్లాడగలదు, నేను ఎవరితో పోట్లాడను? దాదాపు నలభై ఏళ్ళు నోరు మూసుకుని వడ్డించాను.

గురువారం నాడు, ఫోటో చూడగానే దవాఖానకు రమ్మంటారని తెలిసి, సాయంత్రం పంపుదువుగానిలే అని మా కోడలికి చెప్పాను. ఈయన కొద్దిరోజులుగా హాస్టల్ వైపు వెళదామంటున్నాడు. సంచిని కూరగాయల చేతిసంచిలో పెట్టి కాళ్ళ దగ్గర ఉంచుకుని, ఆటోలో క్యాంపస్‌కు తీసుకుపోయాను. మెస్ వెనక ఇప్పుడు ఏదో షెడ్డు ఉంది గానీ అరుగు అలాగే ఉంది. కూర్చోబెట్టాను. రెండు నిమిషాలు ఊపిరి తీసుకుని మళ్ళీ ఆ పప్పు సంగతి ఎత్తుకున్నాడు. ఆఖరున, “గా వంటాయన మీ దవాఖానలనే పోయిండంటరు, నీకెర్కనా?” అన్నాడు.

చెప్పాను. గ్లాసు మరక దగ్గరినుంచి, ఎక్స్‌రే గది దాకా వెయ్యని అడుగుల దాకా అన్నీ చెప్పాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండనుకున్నాను. తిట్టలేదు. కాళ్ళ దగ్గరి చేతిసంచిని వేలితో చూపించి, “మరి నాది ఇయ్యాల ఎంత వచ్చింది?” అని అడిగాడు.

తగ్గింది అన్నాను. ఎవరూ పారబోయలేదు, నిజంగానే తగ్గింది, గొట్టం మూసుకుపోతున్నది, మళ్ళీ మార్చినా ఎక్కువ రోజులు ఆగదు అని మొత్తం చెప్పాను. మా వృత్తిలో అబద్ధం ఆడే అవకాశం ఎప్పుడూ చేతికందేంత దూరంలోనే ఉంటుంది. ఆ పూట దాన్ని ముట్టుకోలేదు. ఆయన తల ఊపాడు.

“అయితే ఇంకాసేపు కూసుందాం” అన్నాడు.

కూర్చున్నాం. కొత్తగా చేరిన పిల్లలు చక్రాల పెట్టెలు లాక్కుంటూ మా ముందునుంచి పోతున్నారు, చెవుల్లో తీగలు, చేతుల్లో ఫోన్లు. గేటు దగ్గర ఎవరో బండి మీద తెచ్చిన అన్నం పొట్లాలు అందుకుంటున్నారు. మొదటి పూట వాళ్ళకు ఎవరు వండారో వాళ్ళకు తెలియదు, వండినవాళ్ళకు వీళ్ళెవరో తెలియదు. మా కాలంలో కాగితం మీద రాసిన అంకెను ఇప్పుడు ఫోన్‌లో పంపుతున్నారు, గొట్టాలు సన్నబడ్డాయి, సంచులు గట్టిపడ్డాయి. నలభై ఏళ్ళలో ఈ జబ్బు మాత్రం ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. ఎండ అరుగు మీదికి వచ్చేదాకా ఉండి, ఆటో పిలిచి, ఆయన చేయి పట్టుకుని లేపాను. సాయంత్రం ఫోటో పంపాము. రేపు రంగుమందు ఎక్కించి చూద్దాం, తీసుకురండి అని జవాబు వచ్చింది.