లాభం, రెండు, మూడు

మా అక్క కూతురు లెక్కల్లో పులి. భాగహారం ఇవ్వండి, భిన్నాలు ఇవ్వండి, పలక ముట్టుకోకుండా నోటితోనే చెప్పేసేది. ఒక్క రకం లెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎక్కడలేని మొద్దుతనమూ ముంచుకొచ్చేది. ఒక వ్యాపారి ఎనిమిది రూపాయలకు బియ్యం కొని పదికి అమ్మాడు, లాభమెంత? ఒకటి. ఇంకొకడు ఇరవైకి ఆవును కొని ముప్పైకి అమ్మాడు, లాభమెంత? ఒకటి. గుర్రాలమ్మినా గుగ్గిళ్ళమ్మినా ఆ పిల్లకు ఒకటే. పలక మీద ‘ఒకటి’ వేసి, కింద గీత కొట్టి, “అయిపోయింది చిన్నమ్మా” అని నవ్వుతూ నా ముందు పెట్టేది.

నాకు ఒళ్ళు మండిపోయేది. “ఏమే, నీ తలకాయలో ఉండేది మెదడా, రాగిముద్దా?” అని అరిచేదాన్ని. అది మూతి ముడుచుకునేదే తప్ప జవాబు మార్చేది కాదు.

అవి యుద్ధం రోజులు. మా ఆయన పటాలంలో గుమాస్తాగా చేరి ఎక్కడో ఉత్తరాదిన ఉన్నాడు. నేను బెంగుళూరు పేటలో మా అమ్మ దగ్గర ఉన్నాను. ముందు గదిలో ధాన్యం అంగడి, వెనక ఇల్లు. నాన్న పోయాక అంగడిని అమ్మే నడిపేది. అక్కవాళ్ళు దేవనహళ్ళి దగ్గర సేద్యం చేసేవాళ్ళు. చదువుకోసమని పిల్లను అయిదేళ్ళప్పుడే మా దగ్గర వదిలిపెట్టారు. ఇప్పుడు దానికి పదేళ్ళు. వీధిబడిలో చదువు ముగిసింది. హైస్కూలు దాకా ఉన్న ఆడపిల్లల బడి మాకు ఒక మైలు దూరంలో ఉంది కానీ, అందులో సీట్లు తక్కువ, ఆశపడేవాళ్ళు ఎక్కువ. పరీక్ష పెట్టి తీసుకుంటామన్నారు. సీటు రాకపోతే పిల్ల చదువుకు అంతటితో మంగళం పాడినట్టే. ఇంట్లో లోయర్ సెకండరీ దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఆ భారం నా నెత్తిన పడింది.

అమ్మ మాత్రం మొదటి నుంచీ ఒకే మాట. “వస్తే పోనీ. రాకుంటే ఇంకా మేలు. అంగట్లో నాకు తోడుగా ఉండేది అదొక్కతే కదప్పా.”

కోపం చల్లారాక నాకు కుతూహలం పట్టుకుంది. బద్ధకంతో చేసే తప్పయితే రోజుకో రకంగా ఉండాలి. ప్రతిసారీ అదే తప్పు చేస్తోందంటే దాని వెనక ఏదో కథ ఉండాలి. ఒకరోజు అదే లెక్కను మాట మార్చి ఇచ్చాను. “ఎనిమిదికి కొని పదికి అమ్మితే చేతిలో ఎంత మిగులుతాది?” “రెండు,” అంది టక్కున. “సరే, లాభమెంత?” “ఒకటి.” అదీ సంగతి! లెక్క వచ్చు. చిక్కంతా ఆ మాట దగ్గరే ఉంది. పోయిన ఏడు బళ్ళో ఆ పాఠం చెప్పిన రోజుల్లో దీనికి తట్టు పోసి ఇంట్లో పడుకుందని కూడా అప్పుడే గుర్తొచ్చింది. పాఠం వినలేదు, నిజమే. కానీ లాభమంటే ఒకటని ఎవరు చెప్పారు?

జవాబు మా ఇంట్లోనే ఉంది. ఒక శనివారం కె.ఆర్.పురం నుంచి ఒకాయన రాగులు కొనడానికి వచ్చాడు. పిల్ల ఎప్పటిలాగే సంచి మూతి విప్పి పట్టుకుంది. అమ్మ మొదటి సేరు పోస్తూ “లాభం” అంది. పిల్ల గట్టిగా “రెండు... మూడు... నాలుగు...” అంటూ అందుకుంది. మా అంగట్లో కొలిచే పద్ధతి అది. మొదటి సేరుకు ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. ఆ మాట కొలిచేవాళ్ళది. రెండు నుంచి లెక్క సంచి పట్టుకున్నవాళ్ళది. నేను పక్కనే కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నాను. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాటే, ఆ రోజు చెవిన పడింది. ఏరిన రాయిని మళ్ళీ పప్పులోనే వేశాను.

ఆ ఆసామి వెళ్ళాక పిల్లను పిలిచాను.

“లాభం అంటే ఏందే?”

“ఒకటి.”

“ఎవరు చెప్పినారు నీకు?”

“ఎవరైనా చెప్పేదేముండాది చిన్నమ్మా? లాభం, రెండు, మూడు. లాభం ఒకటి కాకుంటే దాని తర్వాత రెండెట్లా వస్తాది?”

దాని తర్కంలో తప్పెక్కడుంది? కొలతకు తప్ప ఆ మాట మా ఇంట్లో ఎవరూ వాడరు. నాలుగు డబ్బులు మిగిలినా అమ్మ ‘లాభం వచ్చింది’ అనదు, దిష్టి తగులుతుందని భయం. ‘గిట్టింది’ అంటుంది. మిగలకపోతే ‘గిట్టలేదు’. అంతే.

“ఓసి పిచ్చిదానా, లెక్కల పుస్తకంలో లాభమంటే గిట్టుబాటే!” అన్నాను.

పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. “గిట్టుబాటా! అయ్యో దేవుడా, ఆ మాట ముందే చెప్పుంటే అయిపోయేది కదా! ఊరికే నన్ను తిడితివి.” ఆ మధ్యాహ్నం పుస్తకంలో ఉన్న లాభాలన్నీ ఒక్క ఊపులో తేల్చేసింది. నష్టాలు మాత్రం పెరట్లో బట్టలుతికే బండ దగ్గర గుసగుసగా చేయాల్సి వచ్చింది. ఆ మాట ఇంట్లో వినిపిస్తే అమ్మ ఊరుకోదు.

పరీక్ష రోజు వచ్చింది. రాతపరీక్ష బాగా రాశానంది. తర్వాత ఒక్కొక్కరినే లోపలికి పిలిచి నోటి ప్రశ్నలు అడిగారు. కిటికీ రెక్క తెరిచే ఉంది. నేను వరండాలో నిలబడి, చూడనట్టు నటిస్తూ చూశాను. కళ్ళద్దాల టీచరమ్మ ఒకామె బల్లమీద సుద్దముక్కల కుప్ప పోసి, లెక్కపెట్టి ముగ్గురికి సమంగా పంచమని కన్నడంలో చెప్పింది. ఇంతేనా అని నేను గుండె మీద చెయ్యి వేసుకున్నాను.

పిల్ల మొదటి సుద్దముక్క తీసింది. ఏమీ అనలేదు. టీచరమ్మ మొహంలోకి చూస్తూ నిలబడింది. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. అంగట్లో మొదటి మాట ఎప్పుడూ వాళ్ళ అవ్వది, మా అమ్మది! ఎవరో ఆ మాట అంటే తను రెండు నుంచి అందుకోవాలని చూస్తోంది. టీచరమ్మ ఎందుకంటుంది పాపం? కాసేపు చూసి, ఇక తప్పదన్నట్టు, అచ్చం మా అమ్మ గొంతుతో “లాభ” అంది పిల్ల.

“ఏనందె?” అంది టీచరమ్మ. ఏమన్నావని.

“లాభ, టీచర్. మా ఇంట్లో ఒకటి అనరు,” అని పిల్ల వచ్చిన కన్నడంలో చెప్పుకుంది.

ఎందుకలా అంటారని టీచరమ్మ అడిగింది. ఆ ప్రశ్నకు పిల్ల తల గోక్కుంది. “గొత్తిల్ల టీచర్. అవ్వన్న కేళి హేళ్తీని.” తెలీదు, అవ్వను అడిగి చెబుతానంది. టీచరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది. నవ్విందో లేదో కిటికీ దగ్గరికి కనిపించలేదు.

దారి పొడుగునా నేను తిట్టాను. “ఒకటి అనేదానికి నోరు పడిపోయెనా? సీటు పోయింది, పో!” పిల్ల చప్పుడు లేకుండా ఏడుస్తూ నడిచింది. పేట మలుపు తిరిగాక, ముక్కు తుడుచుకుని, “చిన్నమ్మా, నిజంగా ఎందుకంటారు?” అంది.

ఈ పిల్ల తప్పు ఎందుకు చేస్తోందని వారాల తరబడి కూపీ లాగినదాన్ని. మా అమ్మను మాత్రం ఆ మాట ఒక్కసారి కూడా అడగలేదు. నాకే సిగ్గేసింది. ఇంటికెళ్ళి ఇద్దరం కలిసి అడిగాం.

అమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసింది. “ఒకటి అంటే ఒంటిది. ఒంటిదాన్ని ఒంటిది అనే పిలిస్తే అట్లే నిలిచిపోతాది. మంచి పేరు పెట్టి పిలిస్తే రెండోది తోడొస్తాది. మా అవ్వ చెప్పింది. నిజమో అబద్ధమో, నేనేమన్నా బడికి పోయినదాన్నా?”

పది రోజులకు బడి గోడ మీద పేర్లు అంటించారు. మా పిల్ల పేరు అడుగు నుంచి రెండోది. ఎక్కడుంటేనేం, ఉంది! నేను నడివీధిలో దాన్ని ఎత్తుకుని తిప్పాను. అంగట్లోకి పరుగెత్తి చెబితే అమ్మ “మంచిదే” అంది. అని, ఖాళీగా ఉన్న సేరును కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

బడి తెరిచిన రోజు పిల్ల చద్ది కూడా సగమే తిని లేచింది. “టీచరమ్మకు జవాబు చెప్పాల చిన్నమ్మా, మరిచిపోతానేమో!” అంటూ వీధి చివరిదాకా పరుగెత్తింది.

కాసేపటికి రాగులకు ఒకాయన వచ్చాడు. సంచి మూతి తనే విప్పి పట్టుకున్నాడు. అమ్మ మొదటి సేరు నింపి, అరచేత్తో సాపు చేసి, సంచిలోకి వంచింది.

“లాభం,” అంది.

రెండో సేరు ముంచింది. పోయలేదు. చేతిలో పట్టుకుని అట్లే కూర్చుంది. ఆ ఆసామికి మా పద్ధతి తెలియదు, ఎందుకు ఆగిందా అని చూస్తున్నాడు. అమ్మ గుమ్మం వైపు చూసింది. సీటు, సీటు అని ఇన్నాళ్ళూ గింజుకున్నాను. అది వస్తే ఇక్కడ ఏం పోతుందో ఒక్క పూటైనా ఆలోచించలేదు. పప్పు ఏరుతున్న చేట కింద పెట్టి, వెళ్ళి ఆయన చేతిలోంచి సంచి మూతి అందుకున్నాను.

“రెండు,” అన్నాను.

అమ్మ నా వైపు చూడకుండానే సేరు వంచింది.

“గట్టిగా చెప్పు,” అంది. “దాని గొంతు వీధిదాకా వినపడేది.”