నాయనకంటే ముందు నేనే చూశాను

ఇరవై రెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తూనే ప్రసంగాలు చేశాను. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల మంచం పక్కన కూర్చుని, పాపాలు ఒప్పుకోమని అడిగాను. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. మీరైనా చివరిదాకా చదవండి.

నేను ఓర్వకల్లు దగ్గర ఒక పల్లెలో చర్చి ఉపదేశిని. పాస్టరుగారు నెలకొకసారి ఎడ్లబండిలో వచ్చేవారు. మిగతా రోజుల్లో సంఘం పెత్తనం నాదే. నా తమ్ముడు తప్పెట బాగా కొట్టేవాడు. బాప్తిస్మం తీసుకున్నప్పుడు, ఇక జాతరల్లో తప్పెట ముట్టబోమని మా ఇళ్లవాళ్లందరం మాట ఇచ్చాం. కరువొచ్చిన ఏడాది వాడు ఆ మాట తప్పాడు. పెద్దమ్మ జాతరలో మూడు రోజులు కొట్టి, కూలిగా ఇచ్చిన జొన్నలు తెచ్చి ఇంట్లో పోశాడు. ఆ జొన్నల సంగటి నేనూ తిన్నాను. తిని, ఆ ఆదివారమే అందరి ముందూ వాడి పేరు చదివి వెలివేశాను. వాడు ఊరు విడిచిపోయాడు.

అప్పటినుంచి నాయన వాకిట్లో దారివైపు తిరిగి కూర్చునేవాడు. కళ్లు సరిగా కనబడవు. అడుగుల చప్పుడు వినబడితే చాలు, "చిన్నోడేనా?" అనేవాడు. చేలో నడుం వంచేది నేను. గంజి కాచి పోసేది నా భార్య. నా పేరు ఆయన నోట వినడమే తక్కువ.

రెండేళ్లకు, ఒక మధ్యాహ్నం, గుట్టల పక్క కొర్రచేలో ఉండగా వాడు దారిన వస్తూ కనిపించాడు. ఎముకల గూడులా ఉన్నాడు. నేను ఎదురు పరుగెత్తాను. ఎందుకో నాకు తెలుసు. వాడు ఇల్లు చేరకూడదని.

"యాడికి పోతాండావు?" అన్నాను.

"ఇంటికే న్నా. నాయన బాగుండాడా?"

"తప్పెట యాడ? జాతరలన్నీ అయిపోయినాయా?"

వాడు నవ్వాడు. "అమ్మేస్తి. నీ ప్రసంగంలో నిద్రపోయేటోళ్లను లేపేదానికైనా పెట్టుకోవాల్సింది." నవ్వు అంతలోనే పోయింది. "ఆదివారం సంఘంలో నిలబడి తప్పు ఒప్పుకుంటా న్నా. ముందు నాయన కాళ్లు పట్టుకోనీ."

"నాయన నీ మొగం చూడనంటాండాడు."

"నిజంగా అన్నాడా?"

"శానాసార్లు అన్నాడు."

వాడు మా గుడిసె వైపు కాసేపు చూశాడు. "సరేలే న్నా. నేనొచ్చినానని చెప్పొద్దు. బాధపడతాడు." రాయచోటి వైపు రాళ్లు కొట్టే పనికి పోతానని చెప్పి వెనుదిరిగాడు.

ఆ సాయంత్రం నాయన అడిగాడు, ఎవరైనా వచ్చారా అని. లేదన్నాను. పదకొండో రోజున ఆయన పోయాడు. సమాధి దగ్గర ప్రార్థన చేసింది నేనే.

సంఘ క్రమాన్ని కాపాడానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. వెలిలో ఉన్నవాడు సంఘం ముందు నిలబడకుండా ఇంటివాళ్లతో కలిసి తినకూడదన్నది మా కట్టుబాటు. కానీ వాడు నిలబడతాననే వచ్చాడు కదా? మరి నేను కాపాడింది దేన్ని? నాయన చెయ్యి వాడి తలమీద పడితే చూసి ఓర్చుకోలేకపోయేవాణ్ణి. అంతే. దానికి దేవుని పేరు పెట్టుకున్నాను.

తప్పిపోయిన కుమారుని ఉపమానం ఎన్నిసార్లు చెప్పానో. ప్రతిసారీ చిన్నవాడు ఇల్లు చేరగానే ఆపేసేవాణ్ణి. జనం కళ్లు తుడుచుకునేవారు. మొన్న ఒక ముసలమ్మ, అలిగి బయట నిలబడ్డ పెద్దవాడు చివరికి లోపలికి పోయాడా అని అడిగింది. ఇంటికొచ్చి ఆ అధ్యాయం మళ్లీ చదివాను. ఆ తండ్రి రెండుసార్లు బయటికి వచ్చాడు. ఒకసారి చిన్నవాడి కోసం, మరోసారి పెద్దవాడిని బతిమాలడానికి. ప్రభువు సిలువ నా కోసం కూడా అలాగే వాకిలి దాటి వచ్చిందని నమ్ముతున్నాను. నమ్మడమే నన్ను కోస్తోంది. ఆ కథలో విందు జరిగే ఇంట్లో తమ్ముడున్నాడు. నా తమ్ముణ్ణి నేనే దారిలోంచి తరిమాను. వాడు లేని విందుకు ఏ మొహంతో వెళ్లను?

రాయచోటిలో, వేంపల్లె దగ్గర రాళ్లగనుల్లో విచారించాను. వాడి జాడ ఎవరికీ తెలియదు. వచ్చే ఆదివారం, తప్పు చేసినవాళ్లను నేను నిలబెట్టే చోట నేను నిలబడతాను. సంఘం ఏమంటుందో తెలియదు. క్షమించమని అడగడానికి ఆ ఇద్దరిలో ఒక్కరూ అక్కడ ఉండరు.

వాడు వచ్చాడు. నాయన వాడి కోసమే ఎదురుచూశాడు. మధ్యలో నేను నిలబడి ఇద్దరికీ అబద్ధం చెప్పాను. ఇంత రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. ఊపిరి కాస్త అందుతోంది.