అవ్వ ఆవుకు సేటు సోడా

జనగామ పాత బజారులో పశువైద్యం రాని మనిషి ఉన్నాడంటే అది నేనొక్కణ్ణే. మిగతా అందరికీ అది పుట్టుకతోనే వచ్చింది. నేను మాత్రం, ఖర్మ, కాలేజీకి పోయి చదువుకుని ప్రభుత్వ పశువుల డాక్టరునయ్యాను.

ఆ బజారులో ఒక అవ్వ ఉండేది. ఆమెకున్నది ఒక్క ఆవు. దాని పాలు అమ్మితేనే పొయ్యి వెలిగేది. పొద్దున పాలు పిండి ఆవును రోడ్డు మీదికి వదిలేసేది. మేతకు లోటు లేదు, బజారు నిండా భక్తులే. వాళ్లలో అగ్రగణ్యుడు ఎదురింటి కిరాణా సేటు. శుక్రవారం శుక్రవారం ఆవుకు పసుపు కుంకుమ పెట్టి, వండిన పులిహోరను ప్లాస్టిక్ కవర్లో పోసి, మైల తగలకుండా గట్టిగా ముడేసి, ఆ ముడితోనే గోమాత ముందు పెట్టి ప్రదక్షిణ చేసేవాడు. ముడి విప్పుకోవడం గోమాత చూసుకుంటుందన్నమాట!

ఒకరోజు అవ్వ ఏడ్చుకుంటూ దవాఖానకు వచ్చింది.

"నీ బాంచెన్ సారూ, నా ఆవు మేస్తలేదు, పెండ ఏస్తలేదు. అది పోతే నేనెట్ల బతకాలె? జర వచ్చి సూడు."

పోయి చూస్తే ఆవు కూలబడి ఉంది. డొక్క ఉబ్బింది, కళ్లు గుంటలు పడ్డాయి. చుట్టూ వైద్య మండలి కొలువుదీరింది. నడుమ సేటు, చేతిలో సోడా నీళ్ల సీసా.

"పరేషాన్ గాకు సారూ, గ్యాసే. పొద్దుగాల్నుంచి తినే సోడా కలిపి తాపిస్తున్న."

"ఎవరు తాపమన్నరు?"

"నాకు గ్యాసైతే నేను గదే తాగుత గద!"

తన కడుపుకూ ఆవు కడుపుకూ తేడా లేదని తేల్చేసిన మహానుభావుడితో ఏం వాదిస్తాం? రక్తం తీసి పరీక్షకు పంపాను. నేను భయపడ్డట్టే వచ్చింది. కడుపులో ఊరిన ఆమ్లం పేగుల్లోకి దిగి తిరిగి రక్తంలో కలవాలి. దారి మూసుకుపోతే కడుపులోనే ఆగిపోతుంది. రక్తంలో క్లోరైడు, పొటాషియం పడిపోతాయి, రక్తం క్షారమవుతుంది, కండరాల్లో సత్తువ పోతుంది. అప్పటికే క్షారమెక్కిన ఆవుకు సేటుగారు ఇంకా క్షారం పోస్తున్నారు. ఎంత దయ!

"దీనికి కావాల్సింది ఉప్పు సెలైన్ సేటూ, సోడా కాదు."

"ఉప్పా? బీపీ పెరగదా సారూ?"

నాకు ఒళ్లు మండిపోయింది. సీసా లాక్కుని మోరీలో ఒంపేశాను. సెలైన్, పొటాషియం మెల్లగా ఎక్కించి, ఆవు కాస్త తేరుకున్నాక డొక్క కోశాను. భుజం దాకా చెయ్యి దూర్చి లాగితే, కడుపు నుంచి పేగు మొదలు దాకా పేనుకుపోయిన కవర్ల మోకు బయటికొచ్చింది. కొన్నింటి ముడి ఇంకా ఊడలేదు. లోపల పులిహోర నల్లబడి ఉంది. ఆ మాట ఒప్పుకోవాలి, సేటు ముడి వేస్తే ముడే. అవ్వ ఒక కవరును చేతిలోకి తీసుకుని ఆ ముడిని చాలాసేపు చూసింది.

మర్నాడు ఆవు పెండ వేసింది. అవ్వ ఆ పెండను చూసి బోరున ఏడ్చింది. నవ్వకండి, నాకూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కుట్లు విప్పడానికి పోయిన రోజు శుక్రవారం. సేటు పసుపు కుంకుమతో వచ్చాడు. రెండో చేతిలో, ముడేసిన కవరు.

"గోమాత బతికింది సారూ. నా మొక్కు వట్టిగ పోలే!"

అవ్వ ఆవుకు అడ్డంగా నిలబడింది.

"ఇగ సాలు సేటూ. నీ పుణ్యం నీ ఇంట్లనే పెట్టుకో. నా ఆవును బతకనియ్యి."

సేటు ముఖం మాడ్చుకుని, కవరును గోడ మీద పెట్టి, దూరం నుంచే దండం పెట్టుకుని పోయాడు. అవ్వ రెండు చేతులా పలుపు పట్టుకుని వెనక్కి లాగుతోంది. ఆవు మాత్రం మెడ చాచి ఆ కవరు వైపే పోతోంది.