కోసిన చెవి

మా చిన్నప్పుడు... గొర్రె ఈనిన నాలుగు రోజులకే పిల్ల చెవికి గాటు పెట్టేవాళ్లు. మాది ఎడమ చెవికి ఒక్క గాటు. మల్లయ్య పెదనాయిన వాళ్లది రెండు. గాటు పడిందంటే ఆ పిల్ల ఇక ఆ ఇంటిదే...

నిన్న అమెరికాలో, ఇర్వింగ్‌లో మా అమ్మాయి ఇంట్లో టీవీ చూస్తుంటే అదే కనపడ్డది. ఎక్కడో మంచు దేశంలో సామీ అనేవాళ్లట, పెద్ద కొమ్ముల రెయిన్‌డీర్లను మేపుతారు. చుట్టాలంతా మందలు కలిపి కాస్తారు. పిల్ల ఏ తల్లి వెనక పోతే ఆ తల్లి గలవాళ్ల గుర్తే దాని చెవికి కోస్తారు. మనవరాలు ఇంగ్లిష్ చదివి చెప్పింది. "అమ్మమ్మా, రాంగ్ మార్క్ కట్ చేస్తే ఎట్లా?" అని అడిగింది.

మా మందలో ఒకసారి అట్లాగే కోశారు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మందలు కృష్ణ ఒడ్డుకు వలస పోయే ముందర నాయిన జ్వరంతో మంచం పట్టిండు. మా గొర్రెలను తోలుకపోయేది ఎవరు? మల్లయ్య పెదనాయిన ఒక్కడే ఉన్నడు, నాయిన పెద్దనాయిన కొడుకు. ఆయనకూ నాయినకూ మేత కాడ కొట్లాటై రెండేండ్లుగా మాటల్లేవు. ఆయన వచ్చిండు, నాయిన దిక్కు చూడనైనా చూడకుండా మా గొర్రెలను తన మందలో కలుపుకొని పోయిండు.

అమ్మకు నిద్ర పట్టేది కాదు. "తొవ్వల ఈనిన పిల్లలకు ఆయన గుర్తే కోసుకుంటే మనకేం తెలుస్తది?" అని రోజూ అదే మాట. ఆ మందే మా తిండి... ఈ గుబులు నాకు అమ్మ దగ్గరే అంటింది.

తొలకరికి మంద తిరిగొచ్చింది. మా పిల్లలన్నిటికీ ఒకటే గాటు. అమ్మ దండం పెట్టింది.

సాయంత్రం పాలకు వదిలితే నాలుగు పిల్లలు మా గొర్రెల దగ్గరికి పోలేదు... అరుచుకుంటూ పెదనాయిన దొడ్డికి ఉరికినయి. ఆయన గొర్రెల కింద దూరి తాగబట్టినయి.

నాయిన కట్టె పట్టుకొని మెల్లగా పోయిండు. "అన్నా, ఇవి నీ గొర్ల పిల్లలు. మా గాటు పడ్డది."

పెదనాయిన తల ఎత్తలే. "నీయి నాలుగు నా చేతులల్లనే సచ్చినయ్. కోసిన చెవి మళ్ల అతుకుతదా? తోలుకపో."

"నాతోని మాట్లాడవు గదనే?"

"మాట్లాడుడు వేరే, మంద వేరే."

నాయిన అక్కడే కూలబడి ఏడ్చిండు. నాయిన ఏడవడం నేను చూసింది అదొక్కసారే...

ఆ పిల్లలు గడ్డి మేసేదాకా పొద్దున, సాయంత్రం వాటిని ఎత్తుకొని పెదనాయిన దొడ్డిలో తల్లుల దగ్గరికి నేనే తీసుకపోయిన. నాతో పాటు అమ్మ వచ్చేది, ఆ తర్వాత నాయిన వచ్చేవాడు... మాటలు అట్లా మళ్లీ కలిసినయి.

ఇప్పుడు మా ఊళ్లో ఎవరికీ మంద లేదు. ఇక్కడ మా అమ్మాయి ఆఫీస్ నుంచి పది నిమిషాలు లేటైతే హైవే మీద ఏమైందో అని నా గుండె కొట్టుకుంటది. ఎవరిని అడగాలి? పక్కింటాయన పేరు కూడా నాకు తెలియదు...

మాటల్లేకున్నా మీ ఇంటి బరువు మోసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల సంగతి ఇక్కడ రాయండి. మనవరాలితో చదివించుకుంటాను... అట్లాంటివాళ్లు ఇంకా ఉన్నారని వింటే నాకు కాస్త ధైర్యం.