లక్కీ బాంబూ తాగిన తీర్థం

ఇది విన్నాక మీరెవరూ నా చేతికి చెంబు ఇవ్వరు. పర్వాలేదు, టీ ఇవ్వండి, చెప్తాను.

మా వంటింటి కిటికీ దగ్గర లక్కీ బాంబూ ఉంది కదా. గాజు సీసా పగిలినప్పటి నుంచి దాన్ని అత్తమ్మ ఇత్తడి చెంబులో పెట్టినాను. దానికి ఎండ తగలకూడదు, వెలుతురు మాత్రం కావాలి. రాత్రే పట్టిపెట్టిన నీళ్ళు వారానికోసారి మార్చాలి. చెట్టు బయటికి తీస్తే చాలు, ఆ ఎర్రటి వేళ్ళు చూస్తూ అట్లే నిలబడిపోతాను. కుక్కర్ విజిల్ కూడా ఎక్కడో దూరంగా రైలు కూసినట్టు ఉంటుంది.

మొన్న అట్లా నిలబడి ఉండగా అత్తమ్మ వాళ్ళ అన్న, పాండూరు మామ, వచ్చినాడు. పాండూరులో మర్నాడు ఆయన కొత్త అంగడి తెరవాలి. తిరుత్తణి కొండ నుంచి తీర్థం తీసుకొని, చెల్లెల్ని పిలవడానికి నేరుగా మా తిరువళ్ళూరు వచ్చినాడు. చెంబు గట్టు మీద పెట్టి భోజనానికి కూర్చున్నాడు. వాళ్ళ పుట్టింటి చెంబులు జత, ఒకటి అత్తమ్మకి, ఒకటి ఆయనకి.

పాత నీళ్ళ చెంబు గట్టు మీద పెట్టినాను, పక్కనే తేటగా నీళ్ళు కనిపించినాయి. నేను పట్టిపెట్టినవే అనుకొని చెట్టు అందులో పెట్టేసినాను. పచ్చకర్పూరం వాసన వచ్చింది. చెట్టుకి నా మీద ప్రేమ పుట్టిందనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. మామ భోంచేసి, మిగిలిన చెంబుకి గుడ్డ కట్టుకొని వెళ్ళిపోయినాడు.

సాయంత్రం అత్తమ్మ కిటికీ దగ్గర ఆగింది.

"ఏమ్మా, ఈ చెంబుకి విబూది యెవురు పెట్టినారు? ఇది మా అన్నది కదా. మరి ఆయన యేం ఎత్తుకొని పోయినాడు?"

"ఫోన్ చేసి చెప్పేస్తా అత్తమ్మా."

"చెప్తే అంగడే తెరవడు. శకునం బాగలేదని ఇప్పటికే రెండు తూర్లు ఆపినాడు. నువ్వు తెల్లారి కొండకి పోయి, వేరే తీర్థం తెచ్చి, ఆడ యెవురికీ తెలీకుండా మార్చేయ్."

అత్తమ్మ ఇంకో చెంబు చేతికిచ్చింది. పోయినాను. తీర్థం దొరికింది, తిరుగు బస్సులో కిటికీ సీటు కూడా దొరికింది. కాళ్ళ దగ్గర పెట్టకూడదని చెంబు పక్క సీట్లో పెట్టినాను. కనకమ్మ సత్రం దాటినాక చెరుకు తోటల మీద మంచు ఇంకా విడలేదు. బాంబూ ఇంటి కప్పు దాటి పెరిగినట్టు, దాని నీడలో నేను పడుకున్నట్టు అనిపించింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"పాండూర్, పాండూర్" అని కండక్టర్ అరిచినాడు. గబగబా దిగినాను. బస్సు కదిలింది. చేతిలో హ్యాండ్‌బ్యాగు ఉంది. చెంబు మద్రాసు పోయింది.

అంగడి ముందు మామ నన్ను చూసి పొంగిపోయినాడు.

"రామ్మా. మీ ఇంట్లో అన్నం తిన్నాక నా మనసు కుదుటపడింది. తొలి తీర్థం నీకే. చెయ్యి పట్టు."

గుడ్డ విప్పినాడు. అందరూ చూస్తున్నారు. నేను వద్దంటే ఆ షట్టరు మళ్ళీ దిగిపోతుంది. చెయ్యి పట్టినాను. తాగినాను. తడి చెయ్యి తలకి రాసుకొని కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"చూడండి, భక్తంటే ఇట్లుండాల. కళ్ళలో నీళ్ళు తిరగతా ఉండాయి" అని మామ మిగతాది షట్టరు మీద చల్లినాడు.

చెట్టుకి వారానికోసారి నీళ్ళు మార్చాలని చెప్పినాను కదా. అది రూలు. నేను చూస్తూ నిలబడిపోయే మనిషిని, ఆ పాత నీళ్ళు మార్చక నెల దాటింది.