అటక దిగని పిల్లి

కొల్లేరు పొంగిన ఏడాది, నీళ్లు తీశాక, ఆకివీడులో మా ఇంటి అటక మీద ఒక పిల్లి చేరింది. పందొమ్మిది వందల ముప్పైలనాటి మాట. అప్పటికి నేను కాపురానికొచ్చి నాలుగు నెలలు. మా ఆయన ఏలూరులో మేష్టరు. శనివారం వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్లిపోయేవారు. మిగతా రోజులు ఇంట్లో నేనూ అత్తగారే. నాకు కాలు నిలిచేది కాదు. వీధి గుమ్మానికీ పెరటి గుమ్మానికీ మధ్య ఊరికే తిరుగుతుండేదాన్ని.

బూడిద రంగు పిల్లి. ఒక చెవి చిరిగి ఉండేది. మనిషి అలికిడైతే చాలు, పాత బుట్టల వెనక్కి దూరిపోయేది. దాన్ని మచ్చిక చేసుకోవాలని పంతం పట్టాను. ఎండు చేప తలకాయలు అన్నంలో కలిపి నిచ్చెన దగ్గర పెట్టేదాన్ని. పెట్టి ఊరుకుంటానా? తిన్నదో లేదోనని క్షణానికోసారి వెళ్లి చూసేదాన్ని. ఒకరోజు ఏకంగా నిచ్చెనెక్కి చెయ్యి చాపాను. మణికట్టు నుంచి మోచేతిదాకా గీరేసింది.

గాయానికి పసుపు అద్దుతూ అత్తగారు, "దాన్ని గోనెసంచిలో కట్టించి కలిదిండి వైపు వదిలేయించమంటావా?" అన్నారు.

"వద్దండీ అత్తయ్యగారూ. ఇంకో నాలుగు రోజులు చూద్దామండీ."

"ఆ చూడ్డమే మానమంటున్నాను. నువ్వలా అస్తమానం తొంగి చూస్తుంటే అది ఎలా తింటుందమ్మా?"

ఆ వారమే నాకు చలిజ్వరం పట్టుకుంది. పరీక్షలున్నాయి, రాలేనని మా ఆయన కార్డు రాశారు. కొయినా మందుకి నోరంతా చేదు, చెవుల్లో హోరు. లేద్దామంటే ఒళ్లు స్వాధీనంలో లేదు. రైలు కూత వినబడినప్పుడల్లా గుమ్మం వైపు చూసేదాన్ని.

ఐదో రోజు మధ్యాహ్నం నిచ్చెన కిర్రుమంది. ఓపిక లేక కదల్లేదు. పిల్లి ఒక్కో మెట్టూ దిగి, మంచం పక్కనున్న జావ గిన్నె వాసన చూసి, నా కాళ్ల దగ్గర దుప్పటి మీదికి ఎక్కింది. పడుకోలేదు. చెవులు రిక్కించి కూర్చుంది. పిలుద్దామని నోరు తెరిచి, పారిపోతుందేమోనని భయమేసి ఊరుకున్నాను. నీళ్ల చెంబుతో వస్తున్న అత్తగారు దాన్ని చూసి, గుమ్మంలోంచే చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగారు.

జ్వరం తగ్గి నేను తిరగడం మొదలెట్టగానే అది మళ్లీ అటకెక్కేసింది. నాకు ఏడుపొచ్చింది. ఇక రోజూ మధ్యాహ్నం పనులాపి, అదే మంచం మీద బలవంతాన కూర్చునేదాన్ని. మనసు మాత్రం స్టేషన్ దగ్గరే ఉండేది. పది రోజులకి దిగింది. వీపు మీద చెయ్యి వేయనిచ్చింది. ఎత్తుకోనిచ్చింది మాత్రం ఏనాడూ లేదు.

శనివారం వస్తూనే మా ఆయన, "ఏదీ నీ పిల్లి?" అనేవారు.

ఆయన చెప్పుల చప్పుడుకే అది బుట్టల వెనక్కి వెళ్లిపోయేది. "ఉందండీ, నిజంగా ఉందండీ," అనేదాన్ని నేను.