పియానో పాదాలు, పీరమ్మ కడుపుమంట

బద్వేలులో ఆ పాత చర్చిని ఊడ్చి తుడిచే పీరమ్మది దూదేకుల ఇల్లు. శుక్రవారం ఇంట్లో సాంబ్రాణి, ఆదివారం చర్చిలో చీపురు. ఈ రెండింటికీ ఆమె బతుకులో ఏనాడూ పేచీ రాలేదు. పేచీ అంతా ఇత్తడితోనే వచ్చింది.

ఇత్తడి అంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. వాళ్ల నాన్న బుడేన్ సాహెబ్ పల్లెలో పీర్ల చావడిని చూసుకునే ముజావరు. పీర్ల పండగ వస్తోందంటే చాలు, పెట్టెలోంచి పీర్లుగా ఎత్తే ఇత్తడి పంజాలు బయటికి తీసి, చింతపండు పులుసు పట్టించి, మెత్తటి ఇటుక పొడితో తోమి, బిందెల కొద్దీ నీళ్లు కుమ్మరించేవాడు. అవి ఎండలో పెడితే కళ్లు చెదిరిపోయేవి. ఆడపిల్లలు పీర్లను తాకకూడదు కాబట్టి ఆ నీళ్లు మోసుకొచ్చే పని మాత్రం పీరమ్మది. మోసింది, చూసింది, నేర్చుకుంది. చేతులు మాత్రం ఆ ఇత్తడి మీద ఒక్కసారి కూడా పడలేదు.

అట్లాంటి మనిషికి చర్చిలో పియానో దొరికింది చూడండి! ఎప్పుడో దొరలు వదిలేసి పోయిన నల్లటి పియానో అది. వాయించేవాళ్లు లేక గుడ్డ కప్పుకుని మూలన పడి ఉంది. దాని అడుగున మూడు ఇత్తడి పెడళ్లు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. వాయించేటప్పుడు కాలితో తొక్కేవి. పీరమ్మ వాటిని పాదాలు అనేది. పియానోకు మూడు పాదాలేమిటని ఎవరైనా నవ్వితే, "మీకు రెండే ఉండాయని ఏడుస్తాండారా?" అనేది.

ప్రతి శనివారం ఆ పాదాల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, చింతపండు, ఇటుక పొడి పట్టించి, చెంబుతో నీళ్లు పోసి తోమేది. ఈ ఇత్తడిని తాకొద్దని చెప్పేవాళ్లు ఎవరూ లేరు. తోమడం అయ్యాక ఒంగి తన మొహం చూసుకునేది. మూడింటిలో మూడు మొహాలు, మూడూ వంకరే. ఆమెకు మూడూ అందంగానే కనిపించేవి.

అంతలో కొత్త పాస్టరుగారు వచ్చారు. ఆయన భార్య కరుణమ్మగారికి పియానో వాయించడం వచ్చు. వచ్చీ రాగానే గుడ్డ తీయించి, బెంగళూరు నుంచి మరమ్మతు మేస్త్రిని పిలిపించారు. సరిగ్గా ఆ సమయానికే పీరమ్మ రాయచోటిలో చెల్లెలి కూతురి పెళ్లికి పోయి ఉంది. పెళ్లి చూసుకుని, చేతులకు గోరింటాకుతో సంతోషంగా తిరిగొచ్చి చర్చి తలుపు తోసింది. చూస్తే పియానో ముందు అంజలి కూర్చుని ఉంది!

అంజలి ఆదోని పక్క నుంచి మొగుడు పరమేష్‌తో కూలికి వచ్చిన పిల్ల. చర్చి గోడకు సిమెంటు పూయడానికి వచ్చి, పాస్టరుగారింట్లో పనికి కుదురుకుంది.

"ఏమ్మే, ఈడేం చేస్తాండావు?"

"పెడళ్లు తుడుస్తాండా అక్కా. అమ్మగారు చెప్పిరి."

"అవి తోమేది నేను కదా!"

"మేస్త్రి వచ్చిండె గదక్కా. లోపలుండే ఉన్ని గుడ్డ కుళ్లిపోయిందంట. ఎవరో నీళ్లు పోసి పోసి తోమినారంట. ఆయప్ప తిట్టుకుంటా కొత్త గుడ్డ వేసి, ఎట్ల తుడవాల్నో నాకు చూపించి పోయె."

'ఎవరో' అనే ఆ ఒక్క మాట పీరమ్మ గుండెలో ముల్లులా దిగింది.

అంజలి తుడిచే పద్ధతి ఇదీ. పెడళ్ల వెనక చెక్కకు, ఉన్నికి మరక తగలకుండా అట్టముక్క అడ్డం పెడుతుంది. మెత్తటి పాత బనీను గుడ్డకు చిటికెడు పాలిష్ అద్దుకుని నెమ్మదిగా రుద్దుతుంది. పొడి గుడ్డతో ఆ పాలిష్ అంతా తీసేస్తుంది. నీటి చుక్క ఉండదు.

"ఇదేం తోముడే తల్లీ, పసిబిడ్డకు పౌడరు పూసినట్టుండాది!" అని మూతి తిప్పుకుని పీరమ్మ నేరుగా కరుణమ్మగారి దగ్గరికి పోయింది.

"అమ్మా, ఆ పాదాలు నావి."

"చర్చివి పీరమ్మా," అన్నారు ఆమె నవ్వుతూ. "నీకు కిటికీలు, బెంచీలు, వాకిలి, బోలెడంత పని ఉందిగా. ఆ పెడళ్లు మాత్రం అంజలి చూసుకుంటుందిలే. వాటికి మళ్లీ తడి తగలకూడదు."

బోలెడంత పని! ఊరంత చర్చి ఇచ్చి మూడు జానెడు ముక్కలు లాక్కుంటే అది ఇచ్చినట్టా, లాక్కున్నట్టా?

ఇక ఆ రోజు నుంచి పీరమ్మకు అంజలి ఏం చేసినా మంటే. అంజలి నవ్వితే తనను చూసే నవ్విందని మంట. నవ్వకపోతే పొగరని మంట. కరుణమ్మగారు అంజలికి పువ్వులున్న కప్పులో టీ ఇచ్చారు. తనకు ఎప్పుడూ స్టీలు గ్లాసే. తనకు గ్లాసు నిండా వస్తుంది, కప్పులో సగమే పడుతుంది అనే సంగతి ఆ మంటలో తట్టలేదు. శనివారం వస్తే కిటికీ తుడిచే వంకతో పియానో పక్క కిటికీనే పట్టుకుని వేలాడేది. ఆ కిటికీ అద్దం అరిగిపోతుందేమో అన్నంతగా తుడిచింది పాపం.

గంట కొట్టే ఏసేపు ఊరుకునే రకం కాదు. "ఏమక్కా, ఇంటికి సవతి వచ్చిన మాదిరి అట్ల చూస్తాండావు?"

"సవతి అయితే మొగున్ని పంచుకుంటాది. ఇది మొత్తం ఎత్తుకుపోయినాది కదప్పా!"

కోత పండుగ ఆదివారం వచ్చింది. చర్చిలో అందరూ పండినవి తెచ్చి దేవుడికి అర్పించే రోజు. శనివారం సాయంత్రానికే శనక్కాయ చెట్ల కట్టలు, గుమ్మడికాయలు, కొర్రల మూటలు, కాళ్లు కట్టిన కోళ్లు వచ్చేశాయి. ఈ పండుగకే కరుణమ్మగారు మొదటిసారి అందరి ముందూ పియానో వాయించబోతున్నారు. అంజలి పెడళ్లు తుడిచి వెళ్లింది.

ఆదివారం పొద్దున అందరికంటే ముందు ఊడ్చడానికి వచ్చిన పీరమ్మ పియానో ముందు ఆగింది. పెడళ్లు తేనె రంగులో నెమ్మదిగా మెరుస్తున్నాయి. ఆమె కంటికి అది మెరుపే కాదు. ఊరు ఊరంతా వచ్చి ఈ జబ్బు మొహాల్ని చూస్తుందా? కొంగున ముడేసి తెచ్చుకున్న చింతపండు తీసింది. కొంగున అది ఎందుకుందో ఆమెనే అడగాలి. ఇటుక పొడి చల్లి తోమింది చూడండి, భుజాలు పడిపోయేట్టు! చెంబుతో నీళ్లు కుమ్మరించి కొంగుతో తుడిచింది. మూడు పాదాలూ అప్పుడే పొడిచిన సూర్యుడిలా ఎర్రగా, పచ్చగా మండిపోతున్నాయి. చీపురు పట్టుకుని ఏమీ ఎరగనట్టు వెనక బెంచీ దగ్గరికి పోయి నిలబడింది.

జనం వచ్చారు. వచ్చినవాళ్లంతా పియానో దగ్గర ఆగడమే.

"అబ్బా, ఏం మెరుస్తాండాయబ్బా! ఎవరు తుడిచిరి?"

"ఇంకెవరు, ఆ అంజలే."

"శానా పనిమంతురాలు, పాపం!"

అంజలి తెల్లబోయి పెడళ్లను చూసింది. తను తుడిచినప్పుడు ఇట్లా లేవే అనుకుంది. అయినా పదిమంది పొగుడుతుంటే ఏమనాలో తోచక తల వంచుకుంది. వెనక బెంచీ దగ్గర పీరమ్మ పళ్లు పటపటలాడాయి. తోమింది తను, పొగడ్త దానికి! ఇట్లా అవుతుందని ముందు తోచనే లేదు.

కరుణమ్మగారు కూర్చుని పాట ఎత్తుకున్నారు. కుడి పెడల్ తొక్కారు. అది కిందికి పోయింది, మళ్లీ పైకి రాలేదు. నీళ్లు తాగిన ఉన్ని ఉబ్బి దాన్ని గట్టిగా పట్టేసింది. ఆ పెడల్ అట్లా కిందే ఉంటే ఒక్క మోత కూడా ఆగదు. ముందు మోత మీద వెనక మోత, దాని మీద ఇంకోటి ఎక్కి, చర్చి అంతా ఇత్తడి బిందెలు దొర్లినట్టయింది. ఆ హోరుకు కోళ్లు రెక్కలు కొట్టుకుంటూ అరుపు లంకించుకున్నాయి. పిల్లలు పకపకా నవ్వారు. కరుణమ్మగారు ఎర్రబడిన మొహంతో వాయించడం ఆపి, ఒంగి కింద చెయ్యి పెట్టారు. చెయ్యి తడిగా వచ్చింది.

"అంజలీ! నీళ్లు పోశావా?"

"లేదమ్మా! మా పరమేష్ మీద ఒట్టు, చుక్క గూడా పొయ్యలేదు."

"మరి ఈ తడేమిటి? ఇంతగా నేర్పిస్తే ఇదా నువ్వు చేసింది?"

అంజలి కళ్లలో నీళ్లు తిరిగాయి. పీరమ్మ చీపురు మీద పిడికిలి బిగించింది. నోరు మూసుకుంటే చాలు. అంజలి చేతుల్లోంచి గుడ్డ పోతుంది. పాదాలు తిరిగి తన దగ్గరికే వస్తాయి. ఇంకాసేపు, అంతే.

ఇంతలో గంట తాడు దగ్గరున్న ఏసేపు గట్టిగా అన్నాడు: "ఏమైనా కానీ, ఆ మెరుపు మెరుపే! ఇన్నాళ్లూ పీరమ్మక్క తోమింది కానీ, ఇట్ల మెరిపించేది ఆయమ్మ చేత కాలేదు."

"ఎవరి చేత కాలేదప్పా?" పీరమ్మ గొంతు చర్చి కప్పుకు తగిలింది. "అది తోమింది నేను! పొద్దున్నే వచ్చి, చింతపండు పెట్టి, ఈ చేతుల్తో నేను తోమినా! ఆ పిల్లకు జన్మలో ఆ మెరుపు వస్తాదా?"

జనమంతా వెనక బెంచీ వైపు తిరిగారు. కోళ్లు కూడా ఊరుకున్నాయి. తన నోట్లోంచి ఏం వచ్చిందో పీరమ్మకు అప్పుడు గానీ అర్థం కాలేదు. ఆ పండుగకు పాటలన్నీ తబలాతోనే గడిచిపోయాయి.

అందరూ పోయాక అంజలి ఆమెను వాకిట్లో పట్టుకుంది.

"నా పేరు చెడగొట్టాలనే చేసినావు గదక్కా?"

"నీ పేరు నాకెందుకుమే? నా తోముడు నీ పేరున పోతాంటే ఊరుకుంటానా?"

కరుణమ్మగారు కేకలు వేయలేదు. "పీరమ్మా, ఇక పియానోకు మూరెడు దూరంలో ఉండు," అన్నారు, అంతే. కేకలు వేసినా బాగుండేదనిపించింది పీరమ్మకు.

ఉన్ని ఆరడానికి చాలా రోజులు పట్టింది. ఆరాక ఒక శనివారం అంజలి మళ్లీ అట్టముక్క పెట్టుకుని కూర్చుని, రెండు పెడళ్లు తుడిచి కుడిదానికి వచ్చింది. పీరమ్మ సరిగ్గా మూరెడు దూరంలో బెంచీ మీద కూర్చుంది. మూర ఎవరిదో అమ్మగారు చెప్పలేదు కాబట్టి తన చేతి మూరే కొలిచింది.

"ఆ కుడిదాని మీద ఎర్ర మచ్చ అట్లే ఉండాదే."

"చూసినా."

"చూస్తే పోతాదా? గట్టిగా రుద్దల్ల."

"రుద్దుతానే ఉండా."

"అది రుద్దుడా? దువ్వుతాండావు దాన్ని."

అంజలికి తిక్క రేగింది. గుడ్డ తీసి ఆమె ఒళ్లోకి విసిరింది. "ఆ మచ్చ నీ చింతపండు చేసిందే గదా. నువ్వే పోగొట్టుపో! అమ్మగారు బజారుకు పోయిండారు. నీళ్లు గీళ్లు అన్నావో, నేను ఊరుకోను."

పీరమ్మ లేచింది. మూరెడు దూరం ఎంతలో దాటిందో! అట్టముక్క సర్దుకుని, గుడ్డ కొసకు చిటికెడు పాలిష్ అద్దుకుని, ఊపిరి కూడా తగలనీయనట్టు రుద్దసాగింది. మచ్చ పోవడానికి చాలాసేపు పట్టింది. ఆఖరున పొడి గుడ్డతో తుడిచి, వెనక్కి జరిగి, తల ఒకసారి ఇటు, ఒకసారి అటు వంచి చూసింది.

"చూడుమే అంజలీ," అంది. "నీ రెండిటికన్నా నాది ఎట్ల మెరుస్తాండాదో!"